పిరమిడ్ రాళ్లలో పప్పు బద్దలు

గిజా పిరమిడ్ల చుట్టూ పడి ఉన్న రాతి పెళ్లల్లో పప్పు బద్దల్లాంటివి కనిపిస్తాయి. కూలీలు తిని వదిలేసిన తిండి గట్టిపడి రాయైపోయిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారని రెండు వేల ఏళ్ల కిందటే గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో రాశాడు. నిజానికి అవి నుమ్యులైట్లు, అంటే కోట్ల ఏళ్ల నాటి సముద్రంలో బతికిన ఏకకణ జీవుల గుల్లలు.

ఇప్పటి వాట్సాప్ కథ వేరు. ఆ రాళ్లు చెక్కినవి కావట, కాంక్రీట్‌లా అచ్చుల్లో పోసినవట! దీని వెనక ఉన్నది ఉత్త పుకారు కాదు. ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ డేవిడోవిట్స్ దశాబ్దాలుగా ఈ మాటే చెబుతున్నారు. 2006లో డ్రెక్సెల్ యూనివర్సిటీకి చెందిన మిషెల్ బార్సూమ్ బృందం కూడా కొన్ని నమూనాలను మైక్రోస్కోప్ కింద చూసి, కొన్ని రాళ్లు పోతపోసినవే కావచ్చని రాసింది.

నాకు మాత్రం ఇది నమ్మబుద్ధి కాదు. పిండి చేసి పోసిన రాయిలో సముద్రం అడుగున పేరుకున్న పొరలు పొరలుగానే మిగలవు కదా. గిజా దిమ్మల్లో అవి కనిపిస్తాయి. పక్కనే ఉన్న క్వారీలోనూ అవే పొరలు, రాయి తీయడానికి తవ్విన కాలువలు, ఉలి గాట్లు ఇప్పటికీ ఉన్నాయి. పిరమిడ్ పై తొడుగుకు వాడిన తెల్లటి మేలురకం సున్నపురాయి నైలు అవతలి ఒడ్డున ఉన్న తురా అనే క్వారీది. 2013లో ఎర్ర సముద్రం ఒడ్డున వాది అల్‌జర్ఫ్‌లో దొరికిన పపైరస్‌లలో మెరెర్ అనే మేస్త్రీ తన మనుషులతో ఆ రాయిని పడవల్లో గిజాకు చేరవేసిన లెక్క రోజువారీగా రాసుకున్నాడు. పోతపోసేవాళ్లకు ఇంత తిప్పలెందుకు?

అలాగని ల్యాబ్ రిపోర్టు ఇవ్వగానే రాయి ఎక్కడిదన్న పేచీ తీరిపోదు. ఈజిప్టులోనే లక్సర్‌లో ఉన్న మెమ్నాన్ విగ్రహాలనే భారీ రాతి విగ్రహాల సంగతే చూడండి. మూడో అమెన్‌హోతెప్ అనే రాజు నిలబెట్టిన ఈ రెండూ ఒక్కొక్కటి దాదాపు 700 టన్నులు. 1973లో న్యూట్రాన్ యాక్టివేషన్ (రాయిలోని మూలకాలను కొలిచే) పరీక్ష చేసినవాళ్లు, వాటిని చెక్కిన క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి కైరో దగ్గరి జెబెల్ అల్‌అహ్మర్ నుంచి వచ్చిందన్నారు. తర్వాత జర్మన్ పరిశోధకులు క్లెమ్ దంపతులు, కాదు, దక్షిణాన ఉన్న అస్వాన్ నుంచి అన్నారు. మొదటిది నిజమైతే నైలు ప్రవాహానికి ఎదురుగా ఆరు వందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. రెండోదైతే వాలులో, అందులో మూడో వంతు దూరం.

తేడా ఎందుకొచ్చింది? ఒకే క్వారీలోనే ఈ రాయి రసాయన గుణం చోటుచోటుకీ మారుతుంది. ఎక్కడెక్కడ, ఎన్ని ముక్కలు తీసి పోల్చారన్నదాన్ని బట్టి ఫలితం అటూ ఇటూ అవుతుంది. అంకెలు తేల్చనప్పుడు నేను శాసనాల వైపు చూస్తాను. తన విగ్రహాలను ఉత్తరాన ఉన్న హీలియోపొలిస్ నుంచి తెప్పించానని ఆ రాజే చెక్కించుకున్నాడు. జెబెల్ అల్‌అహ్మర్ ఉన్నది ఆ ఊరి పక్కనే.