పదో సంతకం మనవి

మహారాజశ్రీ నామినేషన్ల స్క్రూటినీ గారి సముఖమునకు పదో నంబరు ప్రతిపాదకుడు నమస్కరించి వ్రాయునది. నేనిక్కడ క్షేమం. నా సంతకం క్షేమం తమరే తెలపాలి.

గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు, అంటే ఈయన పేరు ప్రతిపాదిస్తున్నానని సంతకం పెట్టే ఓటరు, చాలు, ఇండిపెండెంటుకు పదిమంది కావాలి. ఇదేం లెక్కని అడగను. మా బావమరిది ఇండిపెండెంటుగా నిలబడ్డాడు, తొమ్మిది సంతకాలు దొరికాయి, పదోది నేను. నామినేషన్ పత్రం ఫారం 2బి ని బండి సీటు మీద పెట్టి, ఇంజనైనా ఆపకుండా సంతకం గీకాను. ఆ కుదుపుకి చివరి తోక కాస్త కిందికి జారింది. ఆ తోకే కొంప ముంచింది.

స్క్రూటినీలో అవతలి అభ్యర్థి ఏజెంటు లేచి "ఇది ఈయన సంతకం కాదు" అన్నాడు. నేను ఎదురుగానే ఉన్నాను. "నాదేనండీ" అన్నాను. "మీరంటే సరిపోదు" అన్నారు. 2024లో సూరత్‌లో ప్రతిపాదకులు ఆ సంతకాలు మావి కావని అఫిడవిట్లిస్తే ఓ అభ్యర్థి నామినేషన్ తిరస్కరించారు, మిగతావాళ్లూ తప్పుకోవడంతో పోలింగే లేకుండా ఎన్నిక ముగిసింది. కాదన్న మాట చెల్లింది, అవునన్న మాట ఎందుకు చెల్లదు?

బ్యాంకులోనైనా నా నమూనా సంతకం ఉంటుంది. తమరి ఓటర్ల జాబితాలో పార్ట్ నంబరు, సీరియల్ నంబరే ఉన్నాయి. అందుకని తెల్లకాగితం ఇచ్చి మళ్లీ చెయ్యమన్నారు. ఏజెంటు భుజం మీదికి వంగి చూస్తుంటే టెన్షన్‌లో తోక పైకి లేచింది. "చూశారా!" అన్నాడు. మూడోసారి చేస్తే అచ్చం మా నాన్న సంతకం వచ్చింది.

తిరగని ఫ్యాను, అడుగంటిన నీళ్ల క్యాను ఊసెత్తను.

చివరికి "పై సంతకం నాదే" అని రాసి, కింద సంతకం పెట్టమన్నారు. పెట్టాను. అది ముందు మూడింటిలో దేనితోనూ కలవలేదు. దాన్ని మాత్రం ఎవరూ చూడలేదు, స్టాంపు గుద్ది ఫైల్లో పడేశారు. మధ్యాహ్నమంతా పోయింది! ఇదా పరిశీలన? చిన్నాచితకా లోపాలకి తిరస్కరించకూడదని చట్టంలోనే రాసుంది కదా, తోక కంటే చిన్నది ఇంకేముంటుంది? బుద్ధుందా అసలు? క్షమించాలి, తమరి సముఖమని మరిచాను.

నామినేషన్ నిలిచింది. రెండ్రోజులకి మా బావమరిది ఉపసంహరణ కాగితం మీద సంతకం పెట్టేసి, ఇంటికొచ్చి "అక్కా, కాఫీ" అన్నాడు. అక్కడ ఐదు నిమిషాల్లో పనైపోయిందట.

ఇట్లు,
పదోవాడు
(ఈసారి వేలిముద్రే. అది అధికారి ఎదుటే వెయ్యాలట. పిలిచినా రాను.)