వంపు తెరకు కంటి వైద్యం రాదు

ఈ నెలలో ఆ సందేశం నాకు ఆరుసార్లు వచ్చింది. మొదట కాలేజీ మిత్రుల గ్రూపులో, తర్వాత అపార్ట్‌మెంటు గ్రూపులో, ఆపైన ఎవరెవరి నుంచో. "గేమింగ్ మానిటర్ కొనేవారు తప్పక చదవండి, పదిమందికీ పంపండి" అని మొదలవుతుంది. మధ్యలో తొమ్మిది సూత్రాలు, చివర చేతులు జోడించిన బొమ్మలు మూడు. మానిటర్లు అమ్మడం నా పని కాదు, బాగుచేయడం అసలే కాదు. రాత్రి భోజనమయ్యాక గంటన్నర సేపు గేములు ఆడుకునే మామూలు ఉద్యోగిని. ఐదుసార్లు చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఆరోసారి అది పక్క సోఫాలోంచి వచ్చింది. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు చిల్లర బాకీలు తీర్చేస్తాను.

రెండో సూత్రం, వంపు తెరల పెట్టెల మీద 1000ఆర్, 1800ఆర్ అని రాసే కొలత గురించి: "ఆర్ పక్కన ఉన్న అంకె ఎంత పెద్దదైతే వంపు అంత ఎక్కువ." సరిగ్గా తలకిందులు. ఆ అంకె మిల్లీమీటర్లలో వ్యాసార్థం. 1000ఆర్ అంటే ఒక మీటరు వ్యాసార్థమున్న వలయంలోంచి కోసిన ముక్క. 1800ఆర్ అంటే 1.8 మీటర్ల వలయంలోంచి కోసినది. చేతి గాజునూ ఎద్దుబండి చక్రాన్నీ పక్కపక్కన పెట్టి చూసుకోండి, ఏది ఎక్కువ వంగిందో తెలుస్తుంది.

ఏడోది: "ఎన్విడియా కార్డు ఉంటే జీ-సింక్ చిప్పు బిగించిన ఖరీదైన మానిటరే కొనాలి." ఎన్విడియా అంటే గేము బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ; జీ-సింక్ అంటే కార్డు బొమ్మలు పంపే వేగానికి తెర వేగాన్ని జతచేసే దాని సొంత ఏర్పాటు. 2019 జనవరిలోనే ఆ కంపెనీ తలుపులు తెరిచింది. అదే పనిని ఆ చిప్పు లేకుండా చేసే మామూలు అడాప్టివ్ సింక్ మానిటర్లు కూడా చాలావరకు దాని కార్డులతో కలిసి పనిచేస్తాయి. ఎనిమిదోది: "32 అంగుళాలు దాటితే 28 శాతం జీఎస్టీ." 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 18 శాతమే. తొమ్మిదోది: "హెచ్‌డీఆర్ 400 స్టిక్కర్ ఉంటే సినిమా హాలు ఇంటికి వచ్చినట్టే." హెచ్‌డీఆర్ అంటే వెలుగుచీకట్ల తేడాను బాగా చూపే సామర్థ్యం; దాని సర్టిఫికెట్ల నిచ్చెనలో 400 అన్నది అడుగు మెట్టు. చీకటి ఉన్నచోట చీకటిగా, వెలుగు ఉన్నచోట వెలుగుగా తెరను విడివిడిగా అదుపుచేసే ఏర్పాటు ఆ మెట్టు మీద తప్పనిసరి కాదు. స్టిక్కరు మాత్రం బాగా మెరుస్తుంది, అది నిజం.

ఇక మూడో సూత్రం, నాలుగో సూత్రం. ఈ రెండింటినీ కలిపి చదివితేనే మజా. మూడోది: "మనిషి కన్ను సెకనుకు 60 బొమ్మలకు మించి చూడలేదు." నాలుగోది: "240 హెర్ట్జ్ మానిటర్ కొంటే పాత కంప్యూటర్‌లో కూడా గేమ్ నాలుగు రెట్లు వేగంగా కనిపిస్తుంది." హెర్ట్జ్ అంటే తెర సెకనుకు ఎన్ని బొమ్మలు మార్చగలదన్న లెక్క. 60 దాటితే కనపడనప్పుడు 240 ఎలా కనిపిస్తుంది స్వామీ? రాసినవారు మూడోది పూర్తిచేసి, కాఫీ తాగి వచ్చి, మరిచిపోయి నాలుగోది రాసినట్టున్నారు.

కన్ను సంగతికి సాక్ష్యం కావాలంటే మీ ఇంట్లోనే ఉండేది. పాత చోక్ ట్యూబులైటు కింద ఫ్యాను వేగం పుంజుకునేటప్పుడు, రెక్కలు ఒక్కోసారి నిలిచిపోయినట్టు, వెనక్కి తిరుగుతున్నట్టు కనిపించేవి, గుర్తుందా? మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ దీపం సెకనుకు వందసార్లు మిణుకుమనేది. సెకనుకు అరవై దాటిన మిణుకు కూడా ఇలా ఏదో ఒక రూపంలో మన కంటపడుతుందన్నమాట. సినిమా 24 ఫ్రేములతో నడుస్తుంది కదా అంటారు. నడుస్తుంది. కానీ పాత ప్రొజెక్టర్ ఒక్కో ఫ్రేమును రెండుసార్లో మూడుసార్లో వెలిగించి చూపేది, లేకపోతే తెర అదరడం జనం భరించలేరని. అదీగాక సినిమాలో హీరో తల తిప్పాలని మీరు మౌసు కదపరు. గేములో కదుపుతారు. తేడా అక్కడే తెలుస్తుంది.

షాపులో చేసి చూడండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోటికి వెళితే రెండు మానిటర్లు పక్కపక్కనే దొరుకుతాయి. మౌసు బాణాన్ని అర సెకనులో ఈ చివర నుంచి ఆ చివరకు లాగండి. 60 హెర్ట్జ్ తెర మీద ఆ దారిలో 30 బాణాలు పడతాయి. ఫుల్ హెచ్‌డీ తెర (అడ్డంగా 1920 పిక్సెళ్లు, అంటే బొమ్మను కూర్చే చుక్కలు) అయితే బాణానికీ బాణానికీ మధ్య 64 పిక్సెళ్ల ఖాళీ. 144 హెర్ట్జ్ మీద 72 బాణాలు, ఖాళీ 27 పిక్సెళ్లకు తగ్గుతుంది. చుక్కల ముగ్గుకూ గీతకూ ఉన్నంత తేడా. బొమ్మకూ బొమ్మకూ మధ్య 16.7 మిల్లీసెకన్లు పట్టేది 6.9కి దిగిందన్నమాట. అక్కడి నుంచి 240కి వెళితే 4.2. అంటే మొదటి గంతులో దాదాపు పది మిల్లీసెకన్లు మిగిలితే, రెండో గంతులో మూడు కూడా మిగలవు. ధర మాత్రం రెండో గంతుకే ఎక్కువ ఎగురుతుంది.

"పాత కంప్యూటర్‌లో కూడా" అన్న మాట మరీ అన్యాయం. బొమ్మలు గీసేది గ్రాఫిక్స్ కార్డు, మానిటర్ వడ్డించేది మాత్రమే. వంటింట్లోంచి అరవై దోసెలే వస్తుంటే హాల్లో 240 విస్తళ్లు వేసి ఏం లాభం? ఆ డబ్బు ముందు కార్డు మీద పెట్టండి.

ఇంతలా చెబుతున్న నేను చేసిన ఘనకార్యం కూడా వినండి. నా మొదటి 144 హెర్ట్జ్ మానిటర్‌ను ఐదు నెలలు 60 హెర్ట్జ్‌లో నడిపాను. "అబ్బ, ఎంత సాఫీగా కదులుతోందో" అని ఇంటికొచ్చిన ప్రతివాడికీ చూపించాను కూడా. ఒకరోజు మా ఆఫీసు కుర్రవాడు వచ్చి, మౌసు రెండుసార్లు గిరగిరా తిప్పి, ఏమీ అనకుండా విండోస్ డిస్‌ప్లే సెట్టింగులు తెరిచి, అడ్వాన్స్‌డ్ అన్నచోట 60ని 144 చేసి వెళ్లిపోయాడు. సందేశంలో ఇలాంటిది ఒక్కటి ఉన్నా దండం పెట్టేవాణ్ని. కొత్త మానిటర్ తగిలించాక ఆ అంకెను మనమే మార్చుకోవాల్సి రావచ్చు. వైరును మదర్‌బోర్డుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే గుచ్చాలి. డిస్‌ప్లేపోర్టు అనే సాకెట్టు ఉంటే అదే వాడాలి, ఎందుకంటే పాతరకం హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు చాలా మానిటర్లలో ఫుల్ హెచ్‌డీలోనే 120 దగ్గర చేతులెత్తేస్తుంది.

ఐదో సూత్రం: "పెట్టె మీద 1 ఎంఎస్ అని ఉంటే కళ్లు మూసుకుని కొనండి." కళ్లు మూసుకుంటేనే కొనగలం. ఆ ఒక మిల్లీసెకను రెండు రకాలు. ఒకటి, పిక్సెల్ ఒక బూడిద ఛాయ నుంచి ఇంకో ఛాయకు మారే సమయం. రెండోది, కదిలే బొమ్మ కంటికి ఎంతసేపు అలుక్కుపోయినట్టు కనిపిస్తుందన్న లెక్క. ఈ రెండోదాన్ని సాధించడానికి ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య వెనక దీపాన్ని ఆర్పేస్తారు. తెర మసకబారుతుంది. పైగా చాలా మానిటర్లలో అప్పుడు అడాప్టివ్ సింక్ పనిచేయదు. ఇక అందుబాటు ధరలో దొరికే వంపు తెరల్లో ఎక్కువ భాగం వీఏ అనే రకం ఎల్‌సీడీ ప్యానెళ్లు. నలుపు నల్లగా ఉండటంలో ఎల్‌సీడీ రకాల్లో వాటికి సాటి లేదు. ఐపీఎస్ అనే ఇంకో రకంలో 1000:1 చుట్టూ ఉండే కాంట్రాస్టు, అంటే తెలుపు నలుపుల వెలుగు తేడా, వీటిలో 3000:1 దాకా వెళుతుంది. కానీ చీకటి ఛాయల మధ్య మారడానికి బద్ధకిస్తాయి. రాత్రి సన్నివేశంలో మనిషి పరుగెత్తితే వెనక నల్లటి తోక సాగుతుంది. షాపులో పూలతోటలు, రంగుల చేపలు చూపిస్తారు కాబట్టి ఆ తోక బయటపడదు. నల్లటి పేజీ మీద ముదురు బూడిద అక్షరాలున్నది ఏదైనా తెరిపించి, పైకీ కిందకీ జరిపి చూడండి.

ఆరోది, "32 అంగుళాల ఫుల్ హెచ్‌డీ అన్నిటికంటే స్పష్టం." అవే 1920 పిక్సెళ్లను పెద్ద గుడ్డ మీద పరిస్తే పలచబడతాయా, చిక్కబడతాయా? అంగుళానికి 69 మిగులుతాయి. అడ్డంగా 2560 పిక్సెళ్లుండే 27 అంగుళాల క్యూహెచ్‌డీలో 109 ఉంటాయి.

ఇప్పుడు మొదటి సూత్రం. మిగతా ఎనిమిదీ డబ్బుకే చిల్లు. ఇది అలా కాదు. ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాను: "వంపు తెర కంటి ఆకారానికి తగ్గట్టు ఉంటుంది కాబట్టి కళ్లపై భారం పడదు. పిల్లలు రోజుకు ఎనిమిది గంటలు ఆడినా ఏమీ కాదు. క్రమంగా అద్దాలు కూడా పోతాయి."

మొన్న ఆదివారం మా అక్కయ్య ఇంటికి వెళ్లాను. మేనల్లుడు తొమ్మిదో తరగతి. గది మూల 27 అంగుళాల కొత్త వంపు తెర. వాడు కుర్చీ అంచున కూర్చుని, మెడ చాచి, తెరకు జానెడు దూరంలో ముఖం పెట్టి, కళ్లు చిట్లించి ఆడుతున్నాడు. కళ్లద్దాలు మడిచి కీబోర్డు పక్కన పెట్టి ఉన్నాయి. వాటి మీద చిప్స్ పొడి. "అద్దాలు పెట్టుకోలేదేమిరా?" అంటే తల తిప్పకుండానే, "వంపు తెర కదా మామయ్యా, అక్కరలేదట" అన్నాడు. ఎవరన్నారంటే "నాన్న" అన్నాడు. హాల్లోకి వెళ్లి అడిగాను. మా బావ పక్క సోఫాలోంచే, "ఆధారం లేకుండా నేను మాట్లాడనయ్యా" అంటూ నా ఫోనుకు ఆధారం పంపారు. అదీ ఆరోసారి.

కాబట్టి బావ కోసం లెక్క. కనుగుడ్డు అడ్డంగా 24 మిల్లీమీటర్లు ఉంటుంది. మానిటర్ వంపు 1500 మిల్లీమీటర్ల వ్యాసార్థం. వీటికి ఆకారం కుదిరిందనడం మోకాలికీ బోడిగుండుకూ ముడి వేయడమే. పోనీ దూరం లెక్క చూద్దాం. 27 అంగుళాల చదును తెరకు 60 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే, మధ్య భాగం 60లో, అంచులు 67లో ఉంటాయి. కళ్లద్దాల నంబరును కొలిచే డయాప్టర్లలో చెప్పాలంటే, మధ్యను చూడటానికి కన్ను పడే శ్రమ 1.67, అంచుకు 1.49. తేడా 0.18. అద్దాల షాపులో నంబరు పావు డయాప్టరు మెట్లలో పెరుగుతుంది. అంటే వంపు పూర్తిగా చెరిపేసినా చెరిగేది, అద్దాల వాళ్లు ఒక మెట్టుగా కూడా లెక్కపెట్టని తేడా. దీనికోసమా పిల్లవాడి అద్దాలు తీయించింది?

దూరానివి మసకగా కనిపించే హ్రస్వదృష్టి అంటే చాలావరకు కనుగుడ్డు ముందువెనకలుగా సాగిపోవడం. ఒక్క మిల్లీమీటరు సాగితే రెండున్నర డయాప్టర్ల పైచిలుకు నంబరు వస్తుంది. సాగిన గుడ్డు ఎదురుగా ఉన్న గాజు వంగిందని వెనక్కి ముడుచుకోదు. పిల్లల్లో ఆ జబ్బు రాకను కొంతైనా తగ్గిస్తుందని తేలినవాటిలో ఒకటి ఆరుబయలు. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకు రోజూ అదనంగా 40 నిమిషాలు బయట గడిపే పీరియడు పెట్టి మూడేళ్లు చూశారు. ఆ పిల్లల్లో 30.4 శాతానికి హ్రస్వదృష్టి వచ్చింది, మామూలుగా సాగిన బడుల్లో 39.5 శాతానికి. ఆ ఫలితాలు 2015లో వెలువడ్డాయి. అందులో ఏ మానిటర్ పేరూ లేదు, నలభై నిమిషాల వెలుతురు ఉంది. ఎనిమిది గంటలు గదిలో కూర్చున్న పిల్లవాడికి ఆ నలభై నిమిషాలు ఎక్కడినుంచి తెస్తారు? తెర వైపు గుచ్చి చూస్తున్నప్పుడు రెప్పవేయడం తగ్గిపోతుంది, కన్ను ఎండుతుంది, మండుతుంది. తెర చదునుదైనా వంపుదైనా, పెట్టె మీద దేవుడి పటం అంటించినా అంతే.

అయితే బావకు ఒక మాట ఒప్పుకోవాలి. మేనల్లుడు అంతకుముందు ఇవే ఆటలు ఫోనులో ఆడేవాడు, ముఖానికి పాతిక సెంటీమీటర్ల దూరంలో. అది నాలుగు డయాప్టర్ల శ్రమ. మానిటర్‌ను నిజంగా చేతి పొడవు దూరంలో పెట్టి, అద్దాలు పెట్టుకుని, గంటో గంటన్నరో ఆడితే ఫోను కంటే మేలే. ఆ మేలు దూరానిది. పాత పెట్టె టీవీ అయినా అంత మేలూ చేసేది. ఆరోజు అద్దాలు తుడిచి వాడి ముక్కు మీద నేనే పెట్టాను. కుర్చీ వెనక్కి లాగాను. మానిటర్‌ను గోడవైపు నెట్టాను. బావ ఇంకా అలిగే ఉన్నారు.

మరి వంపు ఉత్త మాయేనా అంటే, కాదు. ఇదంతా నేను టైపు చేస్తున్నది 34 అంగుళాల 1500ఆర్ వంపు తెర మీదే. ఇది 80 సెంటీమీటర్ల వెడల్పు. ఇదే చదునుగా ఉంటే, నేను కూర్చునే 60 సెంటీమీటర్ల దూరం నుంచి అంచులు మధ్య కంటే 12 సెంటీమీటర్లు దూరమై, 34 డిగ్రీల వాలులో కనిపించేవి. వీఏ ప్యానెల్‌ను వాలుగా చూస్తే రంగులు పాలిపోతాయి. వంపు ఆ అంచులను ఐదు సెంటీమీటర్లు ముందుకు తెచ్చి నా ముఖం వైపు తిప్పుతుంది. కారు నడిపే ఆటల్లో పక్క అద్దాలు నిజంగానే పక్కన ఉన్నట్టు ఉంటాయి. 27 అంగుళాల్లో ఇదే వంపు ముందుకు తెచ్చేది మూడు సెంటీమీటర్లు, అందుకని అక్కడ వంపు కోసం అదనంగా ఇచ్చే డబ్బు నాకైతే దండగ అనిపిస్తుంది. 24 అంగుళాల 1800ఆర్‌లో రెండు సెంటీమీటర్లు. అది వంపు కాదు, అలంకారం.

కొనే ముందు టేపు పట్టుకుని బల్ల లోతు కొలుచుకోండి. వంపు తెర, దాని కాళ్లూ కలిసి బల్లను చాలానే తినేస్తాయి. నేను కొలవలేదు. 60 సెంటీమీటర్ల దూరం కుదరడానికి బల్లను గోడ నుంచి జానెడు ముందుకు లాగాల్సివచ్చింది. ఆ సందులో ఇప్పటికి రెండు పెన్నులు, ఒక పెన్‌డ్రైవు పడ్డాయి. బల్ల బరువు, ఎవరైనా సాయం వస్తే తీయాలి.