పట్టాలకు జనం బరువు లెక్కలోది కాదు

సంక్రాంతి ముందు చెన్నై సెంట్రల్‌లో నెల్లూరు, విజయవాడ వైపు వెళ్లే రైళ్ల జనరల్ బోగీలు చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది: ఇంతమంది ఎక్కితే పట్టాలు తట్టుకుంటాయా? లెక్క వేద్దాం. ఎల్‌హెచ్‌బీ అనే కొత్త రకం జనరల్ బోగీ ఖాళీగా 40 టన్నులు, అటూ ఇటూగా. వంద మంది కూర్చునే చోట 250 మంది కుక్కుకున్నారనుకున్నా, మనిషికి 60 కిలోల చొప్పున 15 టన్నులు. మొత్తం 55. నాలుగు ఇరుసులకు పంచితే ఒక్కోదానికి 14 టన్నులు కూడా రావు. స్ప్రింగులు నొక్కుకుపోతాయి, లోపల ఊపిరాడదు, అది వేరే సంగతి. ఆ రైలును లాగే డబ్ల్యూఏపీ-7 ఇంజినే ఇరుసుకు ఇరవైన్నర టన్నులు మోపుతుంది.

అసలు బరువు చూడాలంటే గుమ్మిడిపూండి లోకల్ ఎక్కి అత్తిపట్టులో దిగాలి. ఎన్నూరు రేవు బొగ్గు రైలెక్కేది ఆ చుట్టుపక్కలే. 22.9 టన్నుల ఇరుసు బరువుకు, అంటే ఒక్కో ఇరుసు పట్టా మీద మోపే బరువుకు, అనుమతి ఉన్న మార్గంలో నిండు వ్యాగన్ 91.6 టన్నులు తూగుతుంది. అలాంటివి 58 కలిస్తే 5,300 టన్నులు. చక్రం పట్టాను తాకే చోటు చిన్న నాణెమంత; దాని మీద పదకొండు టన్నుల పైచిలుకు. గూడ్స్ వెళ్తుంటే మధ్యలో ఏదో ఒక వ్యాగన్ దగ్గర టకటకమని సుత్తి దెబ్బల్లాంటి శబ్దం వస్తుంది, గమనించారా? బ్రేకు పట్టేసి జారినప్పుడు చక్రం ఒకచోట అరిగి చదునైపోతుంది. అది తిరిగిన ప్రతిసారీ పట్టా మీద పడే దెబ్బ మామూలు బరువును దాటిపోతుంది.

రైలు మొత్తం బరువు చూసి కంగారుపడక్కర్లేదు. 2022 ఆగస్టు 15న ఛత్తీస్‌గఢ్‌లో 295 వ్యాగన్లతో, మూడున్నర కిలోమీటర్ల పొడవున ‘సూపర్ వాసుకి’ నడిపారు. సుమారు 27 వేల టన్నులన్నారు. భాగించి చూడండి, ఇరుసుకు 23 టన్నుల లోపే. పట్టాకు తెలిసేది తన మీదున్న చక్రమే, వెనక ఎన్ని వ్యాగన్లున్నాయో కాదు. అంత పొడవు రైలుకు స్టేషన్లలో పక్క లైను సరిపోదు, అదీ దాని ఇబ్బంది.

అందుకే ఇరుసు బరువు పెంచడం దగ్గరే నా అభ్యంతరం. బొగ్గు మోసే పాత బాక్స్‌ఎన్ రకం వ్యాగన్‌కు 20.32 టన్నులే పరిమితి. 2005 నుంచి ఎంచుకున్న మార్గాల్లో దాన్ని పెంచుకుంటూ వచ్చారు. కొత్త లైన్లు వేయకుండానే ఆదాయం పెరిగింది, అందరూ మెచ్చుకున్నారు. మరి పట్టా సంగతి? మీటరుకు 60 కిలోల బరువుండే రకం పట్టా మీదుగా 80 కోట్ల టన్నులు వెళ్లాక మార్చాలని, 52 కిలోల రకానికైతే 52.5 కోట్లని రైల్వే మాన్యువల్‌లో చాలాకాలం ఉన్న లెక్క. ఈ లెక్కకు తేలిక ఇరుసు టన్నూ, బరువు ఇరుసు టన్నూ ఒకటే. లోహం అలసట అలా ఉండదు; ఇరుసు బరువు కొంచెం పెరిగినా అలసట అంతకు మించి పెరుగుతుంది. పైగా ఎన్నూరు వైపు సముద్రపు ఉప్పుగాలి. పట్టా అడుగుభాగం, క్లిప్పు పట్టుకునే చోట లైనర్ అనే బిళ్ల కింద, తుప్పు పట్టి సన్నబడుతుంది. పైనుంచి చూస్తే పట్టా తళతళలాడుతూనే ఉంటుంది.

ఆస్ట్రేలియా పిల్బరాలో 40 టన్నుల ఇరుసులు నడవడం లేదా అనొచ్చు. నడుస్తున్నాయి. అవి ఇనుప ఖనిజం కోసమే కట్టుకున్న సొంత లైన్లు. మనకు చెన్నై–గూడూరు మార్గంలో 2022 నుంచి 130 కిలోమీటర్ల వేగానికి అనుమతి ఉంది. గూడ్సులూ ఆ దారినే పోవాలి. బరువు వల్ల కట్ట కాస్త కుంగితే గూడ్సుకు ఫర్వాలేదు, 130లో వచ్చే రైలుకు అది కుదుపు.

ఆదివారం లైన్ బ్లాక్, అంటే మరమ్మతుకు లైను ఆపడం, అని లోకళ్లు రద్దు చేస్తే సూళ్లూరుపేట వెళ్లాల్సినవాళ్లు విసుక్కుంటారు. విసుగు న్యాయమే. కానీ కంకర సర్దడానికీ, పట్టా మార్చడానికీ ఆ నాలుగైదు గంటలు దొరక్కపోతే గ్యాంగ్‌మన్లు రెండు రైళ్ల సందులో పరుగులు పెడుతూ పనిచేయాలి. ఏ సెక్షన్ మీద ఏటా ఎన్ని టన్నులు వెళ్తున్నాయో, పట్టా వేసినప్పటి నుంచి ఎంత మోసిందో రైల్వే దగ్గర లెక్క ఉంటుంది. రద్దయిన లోకళ్ల జాబితా పక్కనే ఆ రెండు అంకెలూ వేయడానికి అడ్డేమిటి?