వేగం ఒక్కటే చూస్తే చాలదు

ఆఫ్రికాలో అడవిదున్న వేటకు కూడా వేగంగా వెళ్లే .270 విన్‌చెస్టర్ అనే రైఫిల్ తూటా సరిపోతుందని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోలేను. దానిలో 130 గ్రెయిన్ల (సుమారు ఎనిమిదిన్నర గ్రాముల) బుల్లెట్ సెకనుకు దాదాపు 3,060 అడుగుల వేగంతో వెళ్తుంది, నిజమే. జింకకు చాలా మంచి తూటా. కానీ దున్న భుజం ఎముక విరిచి, అంత కండ దాటి గుండె దాకా చేరాలంటే బుల్లెట్‌కు బరువుండాలి, లోపల ముక్కలైపోకూడదు. 1912లో వచ్చిన .375 హెచ్ అండ్ హెచ్ అనే పెద్ద తూటాలో 300 గ్రెయిన్ల బుల్లెట్ వేగం దాదాపు 2,500 అడుగులే. అయినా లోతుగా దిగేది అదే. అక్కడి కొన్ని దేశాల్లో ప్రమాదకరమైన జంతువులకు .375 కంటే చిన్న తూటాను అనుమతించరు కూడా. అలాగని వెనక్కి తన్నే దెబ్బకు భుజం అదిరిపోతుందని భయపడుతూ కాల్చే రైఫిల్ కొనకండి, గురి తప్పుతుంది.

నేను బెంగళూరులో ఉంటాను, మాది హోసూరు వైపు. 1972 వన్యప్రాణి చట్టం రాకముందు మా తాతయ్య .315 రైఫిల్‌తో ఒక కణితి జింకను (సాంబర్‌ను) కాల్చారు. అది గాయంతో పారిపోయింది, రెండు రోజులు వెతికినా దొరకలేదు. ఆ తర్వాత ఆయన రైఫిల్ ముట్టలేదు. చివరిదాకా ఆ మాట చెప్పినప్పుడల్లా ఆయన గొంతు పూడుకుపోయేది.