పోటుపాట్ల పట్టికగారికో విన్నపం

మహారాజశ్రీ పోటుపాట్ల పట్టికగారికి,

నమస్కారం. నేను ఏడాది పొడుగునా నది మొగలో పిట్టలు చూపించే పడవ ఎక్కేవాణ్ణి. ఇంట్లోవాళ్ల మాటకంటే, సముద్రం నీళ్లు ఎప్పుడెక్కుతాయో ఎప్పుడు దిగుతాయో చెప్పే మీ మాటే ఎక్కువ విన్నవాణ్ణి.

మీ లెక్క తెలుసు లెండి. పోటుకీ పోటుకీ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు. అందుకే ఇవాళ ఆరింటికి వచ్చిన పోటు రేపు ఏడు కావస్తుండగా వస్తుంది. నేను ఆఫీసుకి రోజూ 50 నిమిషాలు లేటుగా వెళ్తే ఉద్యోగం ఊడుతుంది. మీ విషయంలో అయితే దాన్ని ఖగోళశాస్త్రం అంటారు.

నిండు పోటులో వెళ్తే బురదంతా మునిగి, పిట్టలన్నీ దూరపు గట్టుమీద ఒంటికాలిపై నిలబడి, ముక్కు వీపు ఈకల్లో దూర్చి కునుకు తీస్తుంటాయి. పాటులో, అంటే నీళ్లు దిగిపోయాక వెళ్తే పడవే బురదలో కూర్చుంటుంది. మధ్యలో మీరు దయతలచిన ఆ రెండు గంటలే మాకు దర్శనం. చలికాలంలో అవి తెల్లవారుజామునే పడతాయేం? వేళ్లు కొంకర్లుపోయి బైనాక్యులర్స్ చక్రం తిరగదు. తిరిగేసరికి అవొసెట్ పిట్ట లేచిపోయి ఉంటుంది. వసంతంలో బూడిదరంగు నాట్ పిట్టలు ఇటుక ఎరుపుకి మారతాయి, కళ్లారా చూద్దామనుకునేలోపే ఉత్తరానికి ప్రయాణం కడతాయి. ఎండాకాలం సంగతి సరేసరి. ఉన్న నాలుగు టెర్న్‌లనే పడవాయన నలభైసార్లు చూపిస్తాడు.

2022 అక్టోబరులో అయిదు నెలల గాడ్విట్ పిల్ల ఒకటి అలాస్కాలో లేచి, ఎక్కడా వాలకుండా 11 రోజుల్లో 13,560 కిలోమీటర్లు ఎగిరి టాస్మేనియాలో దిగింది. దాని దగ్గర ఏ పట్టికా లేదు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి వెళ్లడానికి నాకు మాత్రం మీ అనుమతి కావాలి.

అసలు విషయానికొస్తాను. మొన్న మీరు తప్పారు. నీళ్లు చాలతాయన్నారు. గాలి పీడనం బాగా ఎక్కువున్న రోజది. ఒక మిల్లీబారు పెరిగితే సముద్రం సుమారు సెంటీమీటరు దిగుతుంది, మీ గళ్లలో ఆ ఊసే ఉండదు. పడవ మెత్తగా బురదలో కూలబడింది. పడవాయన ఇంజన్ ఆపి, "ఓ నలభై నిమిషాలండీ, నీళ్లెక్కుతున్నాయిగా" అన్నాడు. కొందరు టెన్షన్ పడ్డారు. ఒకాయన డబ్బులు వాపసు అడిగాడు.

పోటు ఎక్కేకొద్దీ నీటి అంచున ఉన్న పిట్టలు వెనక్కి జరుగుతూ మావైపే వచ్చాయి. ఒక కర్ల్యూ మరీ దగ్గరకొచ్చి, కొడవలిలాంటి ముక్కుని మొదలంటా బురదలో దించి, తల కాస్త మెలితిప్పి, ఓ పురుగుని రబ్బరుబ్యాండులా సాగదీసి లాగింది. తెగలేదు. పక్క గుంటలో రెండుసార్లు జాడించి మింగింది. వాపసాయన కూడా కిక్కురుమనలేదు. ఇంజన్ మోగగానే గుంపంతా ఎగిరిపోయింది.

వచ్చే పౌర్ణమికి మళ్లీ టికెట్ తీసుకున్నాను. మీ అంకెల ప్రకారం నీళ్లు పుష్కలం. ఓ పాతిక సెంటీమీటర్లు తగ్గించడానికి వీలవుతుందేమో కనుక్కోగలరు.

ఇట్లు,
మీ అక్టోబరు పేజీ మీద బురద వేలిముద్ర వేసిన విధేయుడు