కంచికి వెళ్లని కథలు

2019 మే 20, సోమవారం. రోహిణి కార్తె ఇంకా రాలేదు గానీ బెజవాడ ఎండకు ఆ పట్టింపు లేదు. సత్యనారాయణపురంలోని మా మేనత్త ఇంట్లో ఉదయం ఆరున్నరకే ఫ్యాను వేడిగాలి విసురుతోంది. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ అనే అమెరికన్ సీరియల్ చివరి ఎపిసోడ్ అమెరికాతో పాటే మనకూ అదే సమయానికి విడుదలైంది. ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాను. అది అయ్యాక నా ముఖం చూసి అత్తయ్య కంగారు పడింది.

“ఏమయిందిరా, ఎవరైనా పోయారా?”

“చాలామంది పోయారు అత్తయ్యా. దానికి కాదు బాధ. సింహాసనం ఎవరికో ఇచ్చేశారు.”

“దీనికోసమా ఎనిమిదేళ్లు చూశావు?”

ఆ పూట నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు కొంత ఉంది. ముగింపు చెడితే మనం చివరి ఎపిసోడ్‌ను తిడతాం. కానీ అది శవపంచనామా జరిగిన చోటు మాత్రమే, నేరం చాలా ముందే జరిగి ఉంటుంది. ఏ కథైనా మొదట్లోనే చూసేవాళ్లకు ఒక మాట ఇస్తుంది. ఆ మాట ఎంత దూరం నడవగలదో అంతే దూరం నడిపించాలి. దారిని మధ్యలో నరికేసినా, అనవసరంగా సాగదీసినా కథ కంచికి చేరదు.

‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ది నరికేసిన దారి. ఆధారమైన నవలలు పూర్తికాకముందే సీరియల్ వాటిని దాటిపోయింది. చివరి సీజన్‌కు మిగిలినవి ఆరే ఎపిసోడ్లు. బానిసల సంకెళ్లు తెంచిన రాణి లొంగిపోయిన నగరాన్ని తగలబెట్టడం నిజానికి గొప్ప మలుపే. అయితే ఆమె అక్కడిదాకా ఎలా వచ్చిందో మనకు చూపించలేదు, వచ్చేసిందని చెప్పారు. చివరి సీజన్‌ను మళ్లీ తీయాలంటూ పది లక్షలమందికి పైగా ఆన్‌లైన్‌లో సంతకాలు చేశారు. విందు బాగాలేదు కాబట్టి పెళ్లి మళ్లీ జరిపించాలని మగపెళ్లివారు పట్టుబట్టినట్టుంది. నేను చేయలేదు. చేయాలని అనిపించలేదని మాత్రం అనను.

సాగదీసిన దారి గురించి చెప్పాలంటే అత్తయ్య సీరియల్‌కు రావాలి. ‘కార్తీక దీపం’ 2017లో స్టార్ మాలో మొదలైంది. అది మలయాళంలో వచ్చిన ‘కరుత్తముత్తు’కు తెలుగు రూపం. భార్య దీప కడుపులోని బిడ్డ తన బిడ్డేనా అని డాక్టరు కార్తీక్‌కు అనుమానం. డాక్టరే! ఒక్క డీఎన్‌ఏ పరీక్షతో తేలిపోయే వ్యవహారం. ఆ పరీక్ష ఎందుకు చేయించుకోడంటూ ఫోన్లలో తిరిగిన జోకులకు లెక్కలేదు. నేనూ నవ్వాను. తర్వాత ఆలోచిస్తే, ఆ డాక్టరు తెలివితక్కువవాడేమీ కాదనిపించింది. పరీక్ష జరిగిన మర్నాటినుంచి సాయంత్రం ఏడున్నరకు చూపించడానికి ఏముంటుంది?

వారానికి ఆరు రోజులు వచ్చే కథకు రచయిత ముగింపు రాయడు. గురువారం వచ్చే రేటింగులు రాస్తాయి. అంకెలు బాగున్నంతకాలం కథ ముగియడానికి వీల్లేదు, పడిపోయాక బతకడానికి వీల్లేదు. అందుకే 2022లో నాయికా నాయకులను ప్రమాదంలో చంపేసి, పిల్లలను పెద్దవాళ్లను చేసి, జనం అలిగేసరికి కొద్ది నెలల్లోనే ఇద్దరినీ బతికించి తీసుకొచ్చారు. చివరికి 2023 జనవరిలో ముగిసేనాటికి ఎపిసోడ్లు 1569.

డైలీ సీరియల్‌కు రోజులు దగ్గరపడ్డాయని అత్తయ్య ఇట్టే పసిగడుతుంది. రాత్రి వచ్చేది మధ్యాహ్నానికి మారిందంటే ఇక ఆశ వదులుకోవాలి. నాలుగేళ్లు పాలలో విషం కలిపిన తోడికోడలు హఠాత్తుగా కాళ్లమీద పడి ఏడ్చిందంటే ఇంకో వారమే. అందరూ పట్టుబట్టలు కట్టుకుని ఒకే హాల్లో నవ్వుతూ నిలబడ్డారంటే ఆ రోజుతో సరి.

ఆ పట్టుబట్టల ఫోటోను నేను ఎగతాళి చేస్తే ఆవిడ ఒప్పుకోదు. రామాయణ పారాయణం ఎక్కడ ఆపుతాం? పట్టాభిషేకం దగ్గర. ఆ తర్వాత ఏం జరిగిందో ఇంట్లో అందరికీ తెలుసు, అయినా మంగళం అక్కడే పాడతాం. దూరదర్శన్ ‘రామాయణ్’ కూడా 1988 జూలై 31న పట్టాభిషేకంతోనే ఆగింది. మిగతా కథ కావాలని ప్రేక్షకులు గట్టిగా అడిగాకే ఉత్తరకాండ విడిగా వచ్చింది. అంటే ముగింపు మీద చూసేవాళ్లు పేచీ పెట్టడం మనకు కొత్త కాదు.

ముగింపును ముందే రాసి పెట్టుకుంటే చాలదా అంటే, అదీ బెడిసికొట్టింది. ‘హౌ ఐ మెట్ యువర్ మదర్’లో తండ్రి తన పిల్లలకు వాళ్ల అమ్మ కథ చెబుతుంటాడు. ఆ పిల్లలుగా నటించినవాళ్లు పెద్దవాళ్లయిపోతారని చివర్లో వాళ్లు మాట్లాడే సన్నివేశాన్ని రెండో సీజన్ నాటికే తీసి దాచిపెట్టారు. 2014లో దాన్ని బయటికి తీసి అతికించేసరికి పాత్రలన్నీ ఎక్కడెక్కడికో ఎదిగిపోయాయి. పదో తరగతిలో కుట్టించిన చొక్కా పెళ్లిపీటల మీద తొడిగినట్టయింది.

ఇన్నిటిలో మాట నిలబెట్టుకున్నది, నా లెక్కలో, ‘బ్రేకింగ్ బ్యాడ్’. క్యాన్సర్ వచ్చిన కెమిస్ట్రీ మాస్టారు మత్తుమందు వండుతూ, అంతా ఇంటివాళ్ల కోసమేనని 61 ఎపిసోడ్లు చెప్పుకొస్తాడు. 62వ దాంట్లో, చివరిసారి భార్య ముందు నిలబడి, నాకోసమే చేశాను, నాకు నచ్చింది అని ఒప్పుకుంటాడు. తుపాకుల మోత ఆ తర్వాత ఉంది, అది లేకపోయినా నాకు ఫరవాలేదు. మనకు మొదటినుంచీ ఉన్న అనుమానం ఆ వంటింట్లోనే తీరిపోయింది. ‘ది సోప్రానోస్’ సంగతి వేరు. 2007లో ఆ మాఫియా సీరియల్ చివరి సన్నివేశం మధ్యలో ఉన్నట్టుండి తెర నల్లబడితే కేబుల్ పోయిందనుకున్నారట అమెరికా జనం. మన దగ్గరైతే కేబుల్ అబ్బాయికి ఆ రాత్రి నిద్ర ఉండేది కాదు. దాన్ని గొప్ప ముగింపని మెచ్చుకునేవాళ్లను నేను గౌరవిస్తాను, వాళ్లతో కలిసి సీరియల్ మాత్రం చూడను.

అసలు ఏ మాటా ఇవ్వని ‘అమృతం’ హాయి. అమృతరావు, ఆంజనేయులు ఒక పథకం వేస్తారు, అది తలకిందులవుతుంది, ఆ వారానికి సరి. అది ఎలా ముగిసిందని నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు.

2024 మార్చిలో ‘కార్తీక దీపం’ రెండోది మొదలైంది. అదే దీప, అదే కార్తీక్, కథ మాత్రం వేరు. మొదటిరోజే అత్తయ్య మంచినీళ్ల చెంబుతో సహా టీవీ ముందు స్థిరపడింది.

“ఆ కథ కంచికి వెళ్లిపోయింది కదా అత్తయ్యా?”

“వెళ్లిందిరా,” అంది రిమోట్ వెతుక్కుంటూ. “తిరుగు బస్సు దొరికినట్టుంది.”