నిబంధన ఉన్నది అడిగినవాళ్లకేనా?

హనుమకొండలోని ఒక విద్యార్థుల డిస్కార్డ్ సర్వర్‌లో (ఆన్‌లైన్ చర్చా గ్రూపులో) జరిగిన గొడవ మన పాఠకుల్లో చాలామందికి ఈపాటికే తెలుసు. హాస్టల్ పప్పుచారులో పురుగు వచ్చిందని ఒక విద్యార్థిని ఫొటో పెట్టింది. ‘సంస్థ పరువుకు భంగం కలిగించే పోస్టులు నిషేధం’ అన్న నిబంధన చూపించి అడ్మిన్లు ఆమెను బ్యాన్ చేశారు. ఫొటో పోయింది. దానికి జవాబుగా ఆమె కులం ఎత్తి ఒక సీనియర్ రాసిన మాట మాత్రం పోలేదు. ‘అసలు సందేశాన్ని తొలగించారు’ అన్న బూడిదరంగు వాక్యం కింద అది ఇప్పటికీ అందరికీ కనిపిస్తూనే ఉంది. అదే సర్వర్ నిబంధనల్లో మొట్టమొదటిది ‘కులమతాల దూషణ వద్దు’.

అడ్మిన్లు జీతం లేకుండా పనిచేస్తారు, స్పామ్‌తో, బూతులతో రోజూ వేగుతారు, నిబంధనలు లేకపోతే ఏ సర్వరూ నడవదు. నిజమే. నిబంధనలు ఉండాలి. వాటిని ఎవరి మీద వాడారు, ఎవరిని వదిలేశారు అన్నదే మా ప్రశ్న. పురుగును చూపిస్తే పరువు పోతుందట, తోటి విద్యార్థినిని కులం పేరుతో అవమానిస్తే పోదట! ఇదెక్కడి న్యాయం?

‘పరువుకు భంగం’ అన్న మాటకు హద్దు ఎక్కడ? ఫీజు గురించి అడిగినా భంగమే, ల్యాబ్‌లో పరికరాలు పనిచేయడం లేదన్నా భంగమే. ఆన్‌లైన్‌లో చికాకు, అసౌకర్యం కలిగించే రాతలు నేరమన్న ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్ ఇలాంటి పట్టులేని మాటలతోనే జనాన్ని జైళ్లకు పంపింది. చికాకు, అసౌకర్యం అంటే ఏమిటో ఎవరూ తేల్చి చెప్పలేరని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న దాన్ని కొట్టేసింది. ప్రైవేటు సర్వర్‌కు ఆ తీర్పు నేరుగా వర్తించదని మాకూ తెలుసు. కానీ ప్రభుత్వానికే వద్దన్న అధికారం నలుగురు అడ్మిన్ల చేతిలో ఉండొచ్చా? ‘కేసులు మా మీద పడతాయి’ అన్న సాకు కూడా నిలవదు. సభ్యులు పెట్టిన పోస్టుకు వాట్సాప్ గ్రూప్ అడ్మిన్‌ను బాధ్యుణ్ని చేయలేమని కేరళ హైకోర్టు 2022లోనే చెప్పింది. అయినా కేసు భయమే ఉంటే ముందు తీయాల్సింది ఆ కులదూషణను కదా!

2021 ఐటీ నిబంధనల ప్రకారం పెద్ద పెద్ద సోషల్ మీడియా కంపెనీలు సైతం ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి, నిర్ణీత గడువులో తేల్చాలి. ఇక్కడ ఆ అమ్మాయికి అప్పీలుకు దారే లేదు. నిబంధనల చివర ‘అడ్మిన్ నిర్ణయమే అంతిమం’ అని మాత్రం ఉంది.

ఇది ఒక్క సర్వర్‌తో ఆగదు, మా ఆందోళన అదే. వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో ప్రతి కాలేజీకి, ప్రతి కోచింగ్ సెంటర్‌కు ఇలాంటి గ్రూపులున్నాయి. ఈరోజు దీన్ని చూసీచూడనట్టు వదిలేస్తే రేపు ప్రతిచోటా ఇదే నిబంధన, ఇదే కత్తెర. హాస్టల్‌కు కొత్తగా వచ్చిన ఫస్టియర్ పిల్లలు నేర్చుకునేది ఒక్కటే: ఇక్కడ తిట్టినవాడు ఉంటాడు, అడిగినవాళ్లు పోతారు.

ఏటా సెప్టెంబర్ 9న కాళోజీ ఫొటో పెట్టి తెలంగాణ భాషా దినోత్సవ శుభాకాంక్షలు చెప్పుకునే ఊరు ఇది. ఆయన జీవితమంతా ప్రశ్నే. ఆ ఊళ్లో చారులో పురుగుందన్న పిల్ల నోరు నొక్కడానికి సిగ్గుండాలి.

అదే సర్వర్‌లో అధ్యాపకులు కూడా సభ్యులుగా ఉన్నారని విద్యార్థులు చెబుతున్నారు. వాళ్లంతా చూశారు, ఒక్కరూ మాట్లాడలేదు. క్లాసులో అలాంటి మాట వినపడితే ఊరుకునేవారా? ఫోన్‌లో కనపడితే ఎందుకు ఊరుకున్నారు? ఆ దూషణను ఈరోజే తీయించండి, రాసినవాడి మీద చర్య తీసుకోండి, ఆ అమ్మాయిని తిరిగి చేర్చుకోండి. ‘పరువు’ నిబంధనను చెరిపేయండి. ఆ తర్వాత వెళ్లి హాస్టల్ వంటగది చూడండి.